మీ మస్టాంగ్‌లో ఉన్నది ఫ్యాక్టరీ పోనీ ఇంటీరియరేనా? మీ చేతులతో మీరే తేల్చుకునే పద్ధతి

"అన్నా, డల్లాస్‌లో ఒక 65 మస్టాంగ్ చూశాను. సీట్ల మీద పరిగెత్తే గుర్రాలున్నాయి. ఫ్యాక్టరీ పోనీ అంటున్నాడు, అందుకే ధర ఎక్కువట. నమ్మొచ్చా?"

ఈ ఏడాది ఇదే ప్రశ్న కనీసం పదిమంది అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు, నేను కారు చూడటానికి వెళ్తే ఏ వరసలో చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. మస్టాంగ్ కారులో సీట్ల మీద గుర్రాలుండే ఈ లోపలి అలంకరణని ఫోర్డ్ కంపెనీ ఇంటీరియర్ డెకోర్ గ్రూప్ అని అమ్మింది. జనం నోట్లో మాత్రం పోనీ (పొట్టి గుర్రం) ఇంటీరియరే మిగిలింది. 1965 వసంతంలో వచ్చి, 1966 మోడల్ ముగిసేదాకా సాగింది. సీటు వీపుల మీద అచ్చొత్తిన గుర్రాల గుంపు, చెయ్యి ఆన్చుకునే దిమ్మె కలిసిపోయిన డోర్ ప్యానెళ్లు, పిస్తోలు పిడిలాంటి డోర్ హ్యాండిలు, చెక్కలా కనిపించే స్టీరింగూ డాష్‌బోర్డూ, అయిదు గుండ్రటి మీటర్లు, తలుపు కింద వెలిగే చిన్న దీపం. ఇవన్నీ కలిసి ఒకే ఆప్షన్.

చిక్కంతా ఎక్కడంటే, వీటిలో ప్రతి వస్తువూ ఈరోజు కొత్తగా తయారై దొరుకుతోంది. ఓపికుంటే ఒక వారాంతంలో మామూలు కారుని పోనీ కారుగా మార్చేయొచ్చు. అలా మార్చడం తప్పేం కాదు. మార్చిన కారుని ఫ్యాక్టరీదని చెప్పి అమ్మడమే తప్పు. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్లకైతే మార్టీ ఆటో వర్క్స్ అనే సంస్థ దగ్గర ఫోర్డ్ రికార్డులున్నాయి. డబ్బు కడితే మీ కారు ఏయే ఆప్షన్లతో బయటికొచ్చిందో రాసిచ్చేస్తారు. 65, 66 కార్లకు ఆ దారి లేదు. కారు ఒంటి మీద ఉన్న గుర్తులతోనే తేల్చుకోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మంచి టార్చిలైటు, పిడి ఉన్న చిన్న అద్దం, ఫోన్, మెత్తటి గుడ్డ, స్క్రూడ్రైవర్లు, ప్యానెల్ క్లిప్పులు ఊడదీసే ప్లాస్టిక్ పనిముట్టు, ఒక నోటుపుస్తకం. వీటన్నిటికంటే ముందు యజమాని అనుమతి. "తలుపు ప్యానెల్ ఒకటి విప్పి చూడొచ్చా?" అని బయల్దేరే ముందే ఫోన్‌లో అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబులోనే మీకు సగం విషయం తెలిసిపోతుంది.

1. ఇంట్లోంచి కదలకముందే డేటా ప్లేటు ఫోటో తెప్పించుకోండి

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే, దాని వెనక అంచున, గడియ కింద రివెట్లతో కొట్టిన చిన్న అల్యూమినియం ప్లేటు ఉంటుంది. దాని ఫోటో రెండు కోణాల్లో అడగండి. ఒకటి అక్షరాలు చదవడానికి, ఇంకొకటి రివెట్లూ చుట్టూ ఉన్న పెయింటూ కనిపించేలా. గుర్రాల ఫోటోలు ఇరవై పంపి ఈ ప్లేటు ఫోటో ఒక్కటి పంపని వాళ్ల కోసం మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్లకండి.

2. బాడీ కోడ్ చదవండి

మొత్తం పరీక్షలో కీలకం ఇదే. ప్లేటు మీద కారు బాడీ రకాన్ని చెప్పే గుర్తిది. హార్డ్‌టాప్‌కి (గట్టి పైకప్పు) 65, ఫాస్ట్‌బ్యాక్‌కి (వెనక్కి వాలుగా జారే పైకప్పు) 63, కన్వర్టిబుల్‌కి (మడిచే పైకప్పు) 76. ఆ అంకె పక్కన ఉన్న అక్షరం చూడండి. ఎ అంటే మామూలు బకెట్ సీట్ల (ముందు విడివిడిగా రెండు సీట్లు) ఇంటీరియర్. బి అంటే పోనీ. సి అంటే ముందు పొడుగాటి బెంచి సీటు. అంటే మీ ప్లేటు మీద 65బి, 63బి, 76బి లలో ఏదో ఒకటి ఉండాలి. 65ఎ అని ఉండి లోపల గుర్రాలుంటే ఆ గుర్రాలు తర్వాత వచ్చినవి. అక్కడితో ఆ చర్చ ముగిసినట్టే.

3. ట్రిమ్ కోడ్‌తో సరిపోల్చండి

బాడీ కోడ్‌కి సాక్ష్యం ట్రిమ్ కోడ్. లోపలి రంగుకి రెండక్షరాల గుర్తు ఇది. మామూలు నలుపు 26, పోనీ నలుపు 66. మామూలు ఎరుపు 25, పోనీ ఎరుపు 65. మామూలు నీలం 22, పోనీ నీలం 62. రెండుతో మొదలైతే మామూలుది, ఆరుతో మొదలైతే పోనీ అని ఈ రంగుల వరకు గుర్తుపెట్టుకోవచ్చు. తెల్లటి లేదా పార్చ్‌మెంట్ రంగు సీట్లున్న పోనీలకు ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు ఉంటాయి. 1966లో మాత్రమే వచ్చిన ఎంబర్‌గ్లో అనే రాగి రంగుకి పోనీ కోడ్ 64. ఎండిన ఇటుకపొడిలో కాస్త నారింజ కలిపినట్టుంటుంది ఆ రంగు. ఫోటోల్లో గోధుమరంగులా కనబడి మోసం చేస్తుంది, ఎండలో చూడండి.

తరచూ జరిగే పొరపాటు: బాడీ కోడ్‌లో 65, ట్రిమ్ కోడ్‌లోనూ 65 కనిపించేసరికి తికమకపడతారు. రెండూ వేర్వేరు గళ్లలో ఉంటాయి. గడి పైన ఉన్న చిన్న అక్షరాల పేరు చదివాకే కింద అంకె చదవండి.

4. కారు నంబరుతో ముడిపెట్టండి

ప్లేటు మీద కారు సీరియల్ నంబరు కూడా ఉంటుంది. ఉదాహరణకి 5ఆర్07సి, తర్వాత ఆరు అంకెలు. ఇందులో 5 అంటే 1965 మోడల్, ఆర్ అంటే శాన్ హోసే ప్లాంటు, 07 అంటే హార్డ్‌టాప్, సి అంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 289 వి8 ఇంజన్.

బాడీ కోడ్ 65 అయితే ఇక్కడ 07 ఉండాలి. 76కి 08, 63కి 09. ఈ జత కుదరకపోతే ప్లేటు నకిలీది, లేదా వేరే కారుది. దొంగ ప్లేటు కొట్టించేవాళ్లు అక్షరం మార్చడం మీద పెట్టిన శ్రద్ధ ఈ జత మీద పెట్టరు. నేను చూసిన ఒక ప్లేటు మీద 76బి అని ఉంది, నంబరులో 07 ఉంది. యజమానికే తెలియదు పాపం, ఆయన కొన్నప్పుడే అలా ఉందట.

ప్లాంటు అక్షరం గురించి ఒక్క మాట. ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటుచెన్. శాన్ హోసే ప్లాంటు నిజానికి మిల్పిటాస్‌లో ఉండేది. అది మూతపడ్డాక ఆ భవనమే గ్రేట్ మాల్ అయింది. మెటుచెన్ ప్లాంటు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండేది. మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని, వారాంతంలో కూరగాయలకి తిరిగే ఈ రెండు ఊళ్లలో కూడా ఈ కార్లు పుట్టాయంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. మిల్పిటాస్‌లో ఉన్న ఒక తమ్ముడు ఆర్ అక్షరం కారు కొనుక్కుని, మొదటి రోజే మాల్ పార్కింగ్‌లో నిలబెట్టి ఫోటో పంపాడు.

5. ఇంజన్ పక్కన కొట్టిన నంబరు చూడండి

బానెట్ ఎత్తండి. డ్రైవర్ వైపు, చక్రం పైన లోపలి రేకు అంచు మీద అదే సీరియల్ నంబరు నేరుగా రేకులోకి కొట్టి ఉంటుంది. అది కనబడటానికి ఫెండర్ అంచున చిన్న గాడి కూడా కోసి ఉంటుంది. గుడ్డతో మట్టి తుడిచి, టార్చి పక్కనుంచి వేస్తే అంకెలు తేలతాయి. తలుపు మీది ప్లేటుకీ దీనికీ ఒక్క అంకె తేడా ఉన్నా ఆ ప్లేటుని సాక్ష్యంగా తీసుకోకండి. తలుపు వేరే కారు నుంచి వచ్చి ఉండొచ్చు, ప్లేటు దానితోపాటే వచ్చి ఉండొచ్చు.

హెచ్చరిక: అనుమానం వచ్చిందని రివెట్లు తీసి చూడటం, నంబరు మీద గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. అమెరికాలో వాహన నంబర్లను కదిలించడం నేరం. ఫోటో తీసుకుని వదిలేయండి.

6. తయారైన తేదీ

ప్లేటు మీద తేదీ రెండంకెలు, ఒక అక్షరంగా ఉంటుంది. అంకెలు రోజు, అక్షరం నెల. ఎ జనవరి, బి ఫిబ్రవరి, అలా వరసగా. ఐ అక్షరం వాడలేదు కాబట్టి జె సెప్టెంబరు అవుతుంది, కె అక్టోబరు, ఎల్ నవంబరు, ఎమ్ డిసెంబరు. ఎన్ తర్వాతి అక్షరాలతో రెండో వరస కూడా ఉంది కాబట్టి, అవి కనిపిస్తే కంగారుపడకండి.

ఇక్కడ ఒక సూటి పరీక్ష ఉంది. నంబరు 5తో మొదలై, నెల జె, కె, ఎల్, ఎమ్‌లలో ఒకటైతే ఆ కారు 1964 చివర్లో తయారైనది. పోనీ ఆప్షన్ అప్పటికి ఇంకా పుట్టలేదు. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది. పోనీ దాదాపు ఏడాది తర్వాతి మాట. "ఇది చాలా ముందు తయారైన పోనీ, అందుకే ఇంకా అరుదు" అని ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

7. తలుపు రేకు చూడండి

కాగితం మీద, ప్లేటు మీద ఏమున్నా, ఈ పని మాత్రం వదలకండి. సీటు గుడ్డ మార్చడం తేలిక. తలుపు రేకుని ఫ్యాక్టరీలో కోసినంత శుభ్రంగా గ్యారేజీలో కోయడం కష్టం.

కిటికీ తిప్పే హ్యాండిలు, పిడి దగ్గర స్క్రూలు విప్పాక ప్యానెల్ అంచుల్లో క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. ప్లాస్టిక్ పనిముట్టుని క్లిప్పు పక్కనే దూర్చి కొంచెం కొంచెంగా లేపండి. మధ్యలో పట్టుకుని లాగితే అరవై ఏళ్ల అట్ట విరిగిపోతుంది. విరిగితే కారు మీది కాదు, ఖర్చు మాత్రం మీదే.

ప్యానెల్ తీశాక రెండు చోట్ల చూడండి. హ్యాండిలు గూడు కూర్చునే చోటు, కింద దీపం డబ్బా కూర్చునే చోటు. ఫ్యాక్టరీ ప్రెస్సులో పడిన కోత అంచు నున్నగా ఉంటుంది, మూలలు గుండ్రంగా తిరుగుతాయి, ఆ అంచు మీద కూడా పాత పెయింటు ఉంటుంది. చేత్తో కోసిన రేకు అంచు పళ్లుపళ్లుగా ఉంటుంది, ఆకురాయి గీతలు కనబడతాయి, పెయింటు ఉండదు లేదా డబ్బా స్ప్రే కొట్టి ఉంటుంది.

హ్యూస్టన్ దగ్గర ఒక ఎర్ర కన్వర్టిబుల్ చూడటానికి మా మిత్రుడితో వెళ్లాను. సీట్లు అద్భుతంగా ఉన్నాయి, డాష్‌బోర్డు మెరుస్తోంది. దీపం పక్కన రేకు మీద వేలు పోనిస్తే సన్నగా గీరుకుంది. అద్దం పెట్టి చూస్తే కత్తెర ఆగి ఆగి కదిలిన ముక్కలు వరసగా కనిపించాయి, ఒక మూలలో కోత గీత దాటి అరంగుళం ముందుకు పోయింది. దాని మీద వెండి రంగు టేపు అంటించి ఉంది. మావాడు ఆ కారే కొన్నాడు, కాకపోతే మామూలు ఇంటీరియర్ ధరకి. ఇప్పటికీ సంతోషంగా తిప్పుతున్నాడు.

రెండు తలుపులూ చూడండి. ఒక తలుపు శుభ్రంగా ఉండి రెండోది చేత్తో కోసి ఉంటే, యాక్సిడెంట్‌లో తలుపు మారి ఉండొచ్చు. ఆ ఒక్కదాంతో కారు నకిలీదని తీర్మానించకండి.

యజమాని ప్యానెల్ విప్పనివ్వకపోతే ఇంకో దారి: కింద దీపం మీది అద్దం ఒక్కటే విప్పమనండి. ఆ సందులోంచి టార్చి వేస్తే రేకు అంచు కొంతవరకు కనబడుతుంది. దీపానికి వెళ్లే తీగ తలుపుకీ బాడీకీ మధ్య ఎలా దాటుతోందో కూడా గమనించండి. రబ్బరు తొడుగులోంచి సాఫీగా వెళ్తే మంచిది. మొరటుగా తొలిచిన రంధ్రంలోంచి ఒట్టి తీగ వెళ్తున్నా, అసలు తీగే లేకుండా దీపం ఉత్త అలంకారంగా ఉన్నా, తర్వాత పెట్టిందే.

8. డాష్‌బోర్డు: ఏది రుజువు, ఏది కాదు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

1965లో మామూలు కారుకి అడ్డంగా పొడుగ్గా ఉండే స్పీడోమీటరు ఇచ్చారు. అయిదు గుండ్రటి మీటర్లు పోనీలో వచ్చాయి. జీటీ అనే వేరే ఆప్షన్ ప్యాకేజీతో కూడా వచ్చాయి. కాబట్టి 65లో అయిదు మీటర్లుంటే పోనీ కావచ్చు, జీటీ కావచ్చు. 1966లో అయితే అయిదు మీటర్లు అన్ని కార్లకీ ఇచ్చేశారు. 66 కారు చూపించి "ఇదిగో అయిదు మీటర్లు, పోనీయే" అంటే ఆ మాటకి విలువ లేదు. చెక్క రంగు స్టీరింగు విడిగా కూడా దొరికేది, ముందు సీట్ల మధ్య ఉండే కన్సోల్ పెట్టె కూడా విడి ఆప్షనే. ఈ మూడింటినీ లెక్కలోంచి తీసేయండి.

65 కారుకి ఒక మంచి పరీక్ష ఇంజన్ దగ్గరుంది. మామూలు కారులో ఆయిల్ ప్రెషర్‌కి హెచ్చరిక దీపం మాత్రమే ఉండేది, దానికి ఇంజన్ మీద చిన్న స్విచ్ చాలు. మీటరు ఉన్న కారులో ముల్లు కదలాలి కాబట్టి గంట ఆకారంలో పెద్ద సెండర్ (ప్రెషర్ ఎంతో మీటరుకి పంపే పరికరం) ఉంటుంది. లోపల మీటరుండి ఇంజన్ మీద చిన్న స్విచ్ ఉంటే, ఎవరో డాష్‌బోర్డు మార్చి ఇంజన్ దాకా రాలేదన్నమాట. ఇంజన్ స్టార్ట్ చేయించి ముల్లు లేస్తుందో లేదో చూడండి. పెద్ద సెండర్ ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీదని కాదు, అది అయిదు నిమిషాల్లో మార్చే వస్తువు.

9. సీట్లు చివర్లో చూడండి

అందరూ మొదట చూసేది, నేను చివర్లో చూసేది ఇదే. కొత్త సీటు కవర్లు ఉండటం తప్పు కాదు. అసలైన పోనీ కార్లలో కూడా చాలావాటికి ఈపాటికి కవర్లు మార్చేసి ఉంటారు. సీటు కింద చెయ్యి పెట్టి స్ప్రింగులు, ఇనుప చట్రం, పాత గోనెగుడ్డ చూడండి. ముందూ వెనకా సీట్ల చట్రాల తుప్పూ వయసూ ఒకేలా ఉండాలి. కార్పెట్ ఎత్తినప్పుడు కింద పచ్చబడిన కాగితం ఏదైనా కనిపిస్తే నలపకుండా ఫోటో తీయండి. అది ఫ్యాక్టరీలో కారు వెంట తిరిగిన బిల్డ్ షీట్ కావచ్చు. అయితే దాని మీద మీ కారు నంబరే ఉందో లేదో చూసుకోండి. పనివాళ్లు పక్క కారు కాగితాన్ని ఇందులో వదిలేసిన సందర్భాలున్నాయి.

ఫలితం ఎలా తేల్చాలి

బాడీ కోడ్ బి, దానికి సరిపోయే ట్రిమ్ కోడ్, ప్లేటు నంబరు రేకు మీది నంబరుతో కలవడం, తలుపు కోత నున్నగా ఉండడం. ఈ నాలుగూ కలిస్తే నేను నిశ్చింతగా ఫ్యాక్టరీ పోనీ అంటాను. ప్లేటు సరిగ్గా ఉండి తలుపులు రెండూ చేత్తో కోసి ఉంటే, ప్లేటునే అనుమానించండి. కొత్త ప్లేట్లు కొట్టిచ్చేవాళ్లున్నారు. అక్షరాల లోతు, రివెట్ల తల, చుట్టూ పెయింటు చెదిరిన గుర్తులు మళ్లీ చూడండి. ప్లేటూ, కారు నంబరున్న బిల్డ్ షీటూ రెండూ లేకపోతే పోనీ అని నిరూపించడం కష్టం, ఆ ధర ఇవ్వకండి.

మార్చిన కారని తేలితే అమ్మేవాడితో గొడవ వద్దు. "ప్లేటు మీద 65ఎ ఉంది కదండీ, మామూలు ఇంటీరియర్ ధర చెప్పండి" అని ఫోటో చూపించి అడగండి. చాలామంది అక్కడే దిగొస్తారు.

మీ కారు 65ఎ అయి, మీకు గుర్రాలంటే ఇష్టమైతే హాయిగా వేయించుకోండి. తీసిన పాత ప్యానెళ్లూ హ్యాండిళ్లూ పారేయకుండా పెట్టెలో దాచండి. ప్లేటు జోలికి మాత్రం వెళ్లకండి.

వేరే కంపెనీ కార్లయితే

పద్ధతి ఇదే, గుర్తులుండే చోట్లు మారతాయి. షెవర్లే కమారోకి ఇంజన్ వెనక గోడ మీద ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న ప్లేటు ఉంటుంది. 1969 పేస్ కార్ (రేసులో ముందు నడిచే కారు) కన్వర్టిబుల్‌లో వచ్చిన నారింజ గళ్ల గుడ్డ సీట్లకి దాని మీద 720 ఉండాలి. క్రైస్లర్ కార్లకి ఫెండర్ ట్యాగ్ అనే చిన్న ప్లేటూ, వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న కాగితమూ వెతకండి. ఏఎంసీ కంపెనీ గ్రెమ్లిన్ కారులో 1973 నుంచి వచ్చిన లీవైస్ (జీన్స్ బ్రాండు) సీట్లు జీన్స్ గుడ్డలా కనిపించినా నిజానికి నైలాన్. నూలు జీన్స్ నిప్పు నిబంధనలకి నిలవదు కాబట్టి అలా చేశారు. నిజమైన నూలు డెనిమ్ కుట్టి "ఒరిజినల్ లీవైస్" అని చూపిస్తే అది తర్వాత కుట్టించిందే.

సి అక్షరం కనిపిస్తే

పోనీ నిజంగా ఎంత అరుదని అడుగుతుంటారు. పోనీతో తయారైనవి 1965లో హార్డ్‌టాప్ 22,232, ఫాస్ట్‌బ్యాక్ 5,776, కన్వర్టిబుల్ 5,338. 1966లో హార్డ్‌టాప్ 55,938, కన్వర్టిబుల్ 12,520, ఫాస్ట్‌బ్యాక్ 7,889. అందం సంగతి పక్కనపెడితే, అంకెల్లో దీనికంటే అరుదైనది బెంచి సీటు. 1965లో బెంచి సీటుతో వచ్చిన కన్వర్టిబుళ్లు 2,111 మాత్రమే. చాలామంది ఆ సీటు తీసేసి బకెట్ సీట్లు, వాటి మీద గుర్రాలు పెట్టించుకున్నారు. అందుకని మీరు చూసే కన్వర్టిబుల్ ప్లేటు మీద 76సి అని ఉండి లోపల పోనీ సీట్లు కనిపిస్తే బేరం ఆపి, పాత బెంచి సీటు గ్యారేజీ అటక మీద ఎక్కడైనా పడుందేమో యజమానిని అడగండి. ఉంటే దాన్ని కూడా కారుతో కలిపి రాయించుకోండి.